పిల్లలు, ఇంటి డబ్బు: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలోనూ చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ బడి పిల్లల తల్లిదండ్రులతో కూర్చుని ఇంటి డబ్బు గురించి మాట్లాడటం నా పని. ఊరు మారినా సందేహాలు మారవు. సమావేశంలో నోరు విప్పనివాళ్లు అందరూ వెళ్లాక గేటు దగ్గర ఆగి అడుగుతారు. ఇక్కడున్నవాటిలో ఎక్కువ భాగం అలా అడిగినవే. పిల్లల వయసును బట్టి విడదీశాను కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. వడ్డీ రేట్లు, పరిమితులు మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఆ రోజు ఎంత ఉందో అడగండి.

## మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు

మా బాబుకు ఐదేళ్లు. డబ్బు గురించి ఇప్పుడే చెప్పాలా?

చెప్పనక్కర్లేదు, చేతికివ్వండి. ఆ వయసులో పొదుపు గురించి ఉపన్యాసం తలకెక్కదు. నాణేలు నేల మీద పోసి రూపాయిలు ఒకవైపు, ఐదులు ఒకవైపు వేరు చేయమనండి. నోట్ల వెనక బొమ్మలు చూపించండి. కొత్త నోట్లలో పది మీద కోణార్క్ సూర్యదేవాలయం, ఇరవై మీద ఎల్లోరా, యాభై మీద హంపీ రథం, వంద మీద రాణీ కీ వావ్ మెట్ల బావి, రెండు వందల మీద సాంచి స్తూపం, ఐదు వందల మీద ఎర్రకోట ఉంటాయి. నోటు వెనక పట్టీలో పదిహేను భాషల్లో విలువ రాసి ఉంటుంది. పై నుంచి పద్నాలుగో వరుస తెలుగు. అక్షరాలు వచ్చిన పిల్లలు ఆ వరుసను వెతికి పట్టుకుని ఇల్లంతా చాటుతారు. ఆ తరువాత మూర పూలు కొనేటప్పుడు డబ్బు వాడి చేతే ఇప్పించండి, చిల్లర కూడా వాడి చేతికే రానివ్వండి. ఐదేళ్లకు ఇంతకంటే అక్కర్లేదు.

"డబ్బు లేకపోతే ఫోనుతో కొను" అంటోంది మా పాప. ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

పాప తప్పేమీ లేదు. తను పుట్టినప్పటి నుంచి అమ్మ ఫోను చూపిస్తే అంగడివాళ్లు సరుకు ఇస్తున్నారు. నోటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లి తిరిగి రాకపోవడం తను ఎప్పుడూ చూడలేదు. నెలలో ఒక వారం కూరగాయలు, పాలు, పూలు నగదుతో కొనండి. ఆదివారం పొద్దున ఒక డబ్బాలో ఆ వారం డబ్బు వేసి, అందులోంచే తీస్తూ ఉంటే శుక్రవారానికి డబ్బా తేలికవుతుంది. ఆ డబ్బా మోసే పని పాపకు అప్పగించండి. ఫోనుతో కట్టినప్పుడు మాత్రం ఖాతాలో ముందు ఎంత ఉంది, తరువాత ఎంత మిగిలిందో చదివి వినిపించండి.

బజారుకు వెళితే బొమ్మ కావాలని కింద పడి ఏడుస్తాడు. ఏం చేయాలి?

గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న బొమ్మల అంగళ్ల ముందు ఈ దృశ్యం రోజూ కనిపిస్తుంది. ఏడుపు మొదలయ్యాక చేయగలిగింది తక్కువ. ఎత్తుకుని పక్కకు తీసుకెళ్లి, తగ్గేదాకా మాట్లాడకుండా ఉండటమే. అసలు పని ఇల్లు దాటకముందే ఉంది: "ఈ రోజు చెప్పులు కొంటాం, బొమ్మ కొనం" అని ముందే చెప్పాలి.

చాలామంది అక్కడే "డబ్బుల్లేవు" అనేస్తారు. పది నిమిషాలకు పక్క అంగట్లో చీర కొంటారు. పిల్లవాడు రెండూ చూస్తాడు. డబ్బుల్లేవన్న మాట అబద్ధమని వాడికి ఒకసారి తెలిస్తే, నిజంగా లేనిరోజు కూడా నమ్మడు. "డబ్బుంది, ఈ రోజు దీనికి కాదు" అనండి. ఇది చెప్పడానికి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ తరువాత ఏడుపును మనమే భరించాలి. లేమి మీదికి నెట్టేయడం సులువు.

హుండీ కొనిచ్చాం. నిండింది. ఇప్పుడు?

పగలగొట్టే రోజును పండగలా చేయండి, లెక్క వాడినే పెట్టనివ్వండి. అందులో కొంతతో వాడు కోరిన వస్తువొకటి అప్పుడే కొనాలి. మొత్తం బ్యాంకులో వేసేస్తే దాచడమంటే డబ్బు పోగొట్టుకోవడమే అనుకుంటాడు. మిగిలింది వాడి పేరున ఖాతాలో వేయండి. మట్టి హుండీ కంటే లోపల కనిపించే గాజు సీసా చిన్నపిల్లలకు మంచిదని నా అభిప్రాయం. కనిపించని పొదుపు మీద వాళ్లకు ఆసక్తి నిలవదు.

"వెంకటేశ్వరస్వామి ఇంకా అప్పు తీర్చలేదా?" అని అడుగుతోంది. నవ్వి ఊరుకున్నాం.

నవ్వి వదిలేయకండి. ఈ ఊరి పిల్లలకు తప్ప ఇంకెవరికీ ఇంత మంచి ప్రశ్న తోచదు. ఆకాశరాజు కూతురు పద్మావతిని పెళ్లాడేందుకు శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు తీసుకున్నాడని, కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూనే ఉంటాడని స్థలపురాణం. వడ్డికాసులవాడని పిలుచుకునేది అందుకే. ఆ పెళ్లి జరిగిందని చెప్పే నారాయణవనం తిరుపతి జిల్లాలోనే ఉంది, ఒక ఆదివారం తీసుకెళ్లవచ్చు.

కథ చెప్పాక లెక్క చెప్పండి. పాప దగ్గర పది గోలీలు అప్పు తీసుకుని, వారానికి ఒక గోలీ వడ్డీగా ఇస్తామని ఒప్పుకోండి. ప్రతి శనివారం ఒకటి ఇవ్వండి. మూడు వారాల తరువాత "ఇంకా ఎన్ని ఇవ్వాలి?" అని అడిగితే ఏడు అంటుంది. కాదు, పదీ ఇవ్వాలి. ఇచ్చిన మూడూ వడ్డీ కిందే పోయాయి, అసలు కదల్లేదు. ఏడేళ్ల పిల్లకు ఇది అర్థమవుతుంది. చేబదులు తీసుకున్న పెద్దవాళ్లలో అర్థం కానివాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ తరువాత ఇంకో ప్రశ్న వస్తుంది, సిద్ధంగా ఉండండి: "మన అత్త పెళ్లికి కూడా అప్పు చేశామా?" చేసి ఉంటే చేశామనే చెప్పండి. దేవుడి పెళ్లి అప్పును భక్తిగా చెప్పుకునే ఊళ్లో మన ఇంటి పెళ్లి అప్పును దాచడం దేనికి?

## మూడో తరగతి నుంచి ఏడో తరగతి వరకు

పాకెట్ మనీ ఎంత ఇవ్వాలి?

పక్కింటివాళ్లు ఎంత ఇస్తున్నారో అడగకండి. ఒక నెలపాటు మీరు వాడి చిరుతిండికి, పెన్నులకు, స్టిక్కర్లకు పెడుతున్నదంతా రాయండి. అందులో వాడు స్వయంగా కొనుక్కోగలిగినవాటి మొత్తాన్ని నాలుగుతో భాగించి వారానికొకసారి ఇవ్వండి. అంటే మీకు అదనపు ఖర్చు లేదు, నిర్ణయం మాత్రం వాడి చేతికి వెళుతుంది. ప్రతి వారం, ఒకే రోజు. బుధవారానికి అయిపోతే మళ్లీ ఆదివారం వరకు ఇవ్వకూడదు. ఆ మూడు రోజులు వాడికి చాలా పొడుగ్గా ఉంటాయి, ఉండనివ్వండి. తొమ్మిదేళ్ల వయసులో ముప్పై రూపాయలు వృథా చేయడం, ఇరవై తొమ్మిదేళ్లకు క్రెడిట్ కార్డు మీద మూడు లక్షలు చేయడంతో పోలిస్తే ఎంతో చవక.

బడి సామాన్లు ఇందులో కలపకండి. అవి మీ బాధ్యత. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద జీఎస్టీ లేదు. బిల్లు తీసుకుని వాడి చేత ఒకసారి చదివించండి.

ఇంటి పని చేస్తే డబ్బు ఇవ్వవచ్చా? మంచి మార్కులకు?

తిన్న కంచం తీయడానికి, పక్క మడవడానికి ఇవ్వకూడదు. ఆ పనులకు ధర కడితే, డబ్బు వద్దనుకున్న రోజు పని కూడా వద్దంటారు. బండి కడగడం, పాత పేపర్లు కట్ట కట్టి అమ్మడం వంటి అదనపు పనికి ఇవ్వవచ్చు. పేపర్లు అమ్మిన డబ్బు పూర్తిగా వాళ్లకే వదిలేయండి, తూకం వేసేటప్పుడు పక్కన నిలబడి చూడటం నేర్చుకుంటారు. మార్కులకు డబ్బు వద్దే వద్దు.

పండగకు బంధువులు చేతిలో పెట్టిన డబ్బు ఎవరిది?

పిల్లలదే. సంక్రాంతికి తాత ఇచ్చింది, గంగజాతరకు మామ ఇచ్చింది "నేను దాచిపెడతాలే" అని తీసుకుని, గ్యాస్ బండకు వాడేసే అమ్మలు చాలామంది. తప్పనిసరైతే వాడుకోండి, కానీ అడిగి తీసుకోండి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారో రాసి సంతకం పెట్టండి. నవ్వుతారనుకుంటారు గానీ, ఆ పుస్తకాన్ని పిల్లలు ఎంత భద్రంగా దాస్తారో చూస్తే ఆశ్చర్యపోతారు. మాట ఇచ్చిన తేదీకి ఇచ్చేయండి.

బంధువుల పిల్లలకు మనం తిరిగి పెట్టే డబ్బు కూడా ఇంటి ఖర్చులో భాగమని ఆ సందర్భంలోనే చెప్పవచ్చు. పండగ డబ్బు ఊరికే రాదు.

నా పర్సులోంచి వంద రూపాయలు తీశాడు. మా వంశంలో దొంగలెవరూ లేరు. ఏం చేయాలి?

ముందు వంశం మాట పక్కన పెట్టండి. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో టీచర్లు ఉన్నారు, పోలీసు కుటుంబాలవాళ్లు ఉన్నారు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య చాలా ఇళ్లలో ఒకసారైనా జరిగేదే ఇది.

తీశాడని మీకు తెలిసినప్పుడు "తీశావా?" అని అడగకండి. అది అబద్ధానికి ఆహ్వానం. "వంద తీశావని తెలిసింది. దేనికి కావలసి వచ్చింది?" అనండి. జవాబు కోసం ఆగండి. కారణం ఎప్పుడూ చాక్లెట్టే కాదు. స్నేహితులకు తినిపించకపోతే ఆటలో చేర్చుకోరని కావచ్చు, పెద్ద తరగతివాడు బెదిరించి అడిగి ఉండవచ్చు, ఎవరిదో వస్తువు పగలగొట్టి ఉండవచ్చు. బెదిరింపు ఉంటే మరుసటి రోజే బడికి వెళ్లాల్సింది మీరు. లేకపోతే ఆ వందను వారం వారం వాడి డబ్బులోంచి తగ్గించి వసూలు చేయండి. తీరేదాకా గుర్తు చేయకండి, తీరాక మళ్లీ ఎత్తకండి. అత్తలకూ పిన్నులకూ ఫోను చేసి చెప్పకండి.

మన వైపు ఇంకొకటుంది: "కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయిస్తా" అని బెదిరించడం. వినాయకుడి ముందు ప్రమాణం పెద్దవాళ్ల తగాదాల కోసం ఏర్పడిన ఆచారం. పిల్లవాడి మీద వాడితే వాడికి దేవుడంటే భయం పుడుతుంది గానీ డబ్బు విషయంలో నిజాయితీ పుట్టదు. తరువాతిసారి ఇంకా జాగ్రత్తగా తీస్తాడు.

పది రూపాయల నాణెం చెల్లదని అంగట్లో వెనక్కిచ్చారట. నిజమా?

చెల్లుతుంది. రకరకాల డిజైన్లలో వచ్చిన పది రూపాయల నాణేలన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు చాలాసార్లు స్పష్టం చేసింది. యాభై పైసలు కూడా చట్టప్రకారం చెల్లుబాటులోనే ఉంది. పావలా, అంతకంటే చిన్నవి మాత్రం 2011 జూన్ 30తో ఆగిపోయాయి. అంగడివాళ్లతో పిల్లవాడు పోట్లాడనక్కర్లేదు, ఇంటికి తెస్తే మీరు మార్చి ఇవ్వండి.

ధరలు ఎందుకు పెరుగుతాయో, తగ్గుతాయో పిల్లలకు ఎలా చెప్పాలి?

టమోటాతో చెప్పండి. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్లింది. అదే మార్కెట్లో కొన్నాళ్లు కోత కూలి కూడా రాక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోయడం మన పిల్లలు కళ్లారా చూసిందే. వారానికొకసారి టమోటా ధర క్యాలెండర్ మీద రాయమనండి. వాన ఎక్కువైన వారం ఏమైంది, లారీలు బయటి రాష్ట్రాలకు వెళ్లిన వారం ఏమైందని అడగండి. ధర పెరిగితే మనకు కష్టం, పడిపోతే రైతుకు కష్టం. ఇంట్లో ఒకవైపు తాత రైతైతే, ఇంకోవైపు అమ్మ కొనుగోలుదారైతే, భోజనాల దగ్గర చర్చ బాగా సాగుతుంది.

## హైస్కూలు

పదేళ్లు నిండాయి. సొంతంగా బ్యాంకు ఖాతా నడపనివ్వవచ్చా?

నడపనివ్వవచ్చు. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా, టర్మ్ డిపాజిట్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంతవరకు అనుమతించాలి, ఏటీఎం కార్డు ఇవ్వాలా అన్నది ఆయా బ్యాంకుల ఇష్టం. పోస్టాఫీసులోనూ పదేళ్లు దాటితే సొంత పేరుతో తెరవవచ్చు, కనీసం 500 రూపాయలు ఉండాలి. మొదటిసారి మీరు పక్కన నిలబడండి, స్లిప్పు మాత్రం వాళ్లే నింపాలి. తరువాతి తరం స్లిప్పు నింపదని అంటారు కొందరు. నింపడం వచ్చినవాడికి యాప్‌లో ఏ గడిలో ఏం రాయాలో త్వరగా తెలుస్తుంది. చదవకుండా నొక్కే అలవాటు కూడా తగ్గుతుంది.

ఎనిమిదో తరగతి పిల్ల చేతికి ఫోన్‌పే, గూగుల్ పే ఇవ్వవచ్చా?

మీ పిన్ చెప్పి మీ ఫోను ఇవ్వకండి. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ ఏర్పాటుతో మీ ఖాతా నుంచి ఇంకొకరు కట్టేందుకు అనుమతి ఇవ్వవచ్చు. ప్రతి చెల్లింపుకూ మీ ఆమోదం కావాలని పెట్టుకోవడం ఒక పద్ధతి. లేదా నెలకు ఒక పరిమితి పెట్టవచ్చు. అది గరిష్ఠంగా 15,000 వరకు ఉండవచ్చు. హైస్కూలు పిల్లలకు మొదటిదే సరి.

అంతకంటే ముందు రెండు విషయాలు బట్టీ పట్టించండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ అడిగితే మన డబ్బు పోతోందనే అర్థం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారిపోతుంది. తిడతారేమోనని రెండు రోజులు దాచిన పిల్లల డబ్బు తిరిగి రావడం కష్టమవుతోంది. కనుక "ముందు చెప్పు, తిట్లు తరువాత" అని ఇంట్లో ఒప్పందం ఉండాలి. తరువాత కూడా తిట్టకపోతే మరీ మంచిది.

ఫోను ఆటలో వేల రూపాయలు పోగొట్టాడు. ఆ డబ్బు తిరిగి వస్తుందా?

ఏ రకం ఆటో ముందు తేల్చుకోండి. ఆటలో దుస్తులు, ఆయుధాలు కొనడం ఒకటి, పందెం కట్టి డబ్బు గెలుస్తామని ఆడటం ఇంకొకటి. మొదటి రకంలో కొన్న యాప్ స్టోర్‌లోనే వెంటనే వాపసు కోరవచ్చు, వచ్చే అవకాశం ఉంది. ఆపై కొనుగోళ్లకు పాస్‌వర్డ్ లేదా పెద్దల ఆమోదం తప్పనిసరి చేయండి. రెండో రకానికి ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఈ కేంద్ర చట్టంలో శిక్షలు ఆటలు నడిపేవాళ్లకూ ప్రచారం చేసేవాళ్లకూ గానీ ఆడినవాళ్లకు కావు. కేసు అవుతుందన్న భయంతో ఫిర్యాదు మానుకోకండి.

అక్కకు బస్సు ఉచితం, నాకు చార్జీ. ఆమెకెందుకు అంతే డబ్బు అంటున్నాడు మా అబ్బాయి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అబ్బాయి అడిగింది న్యాయమైన ప్రశ్న, కసిరేయకండి. ప్రయాణ ఖర్చును, చేతి ఖర్చును వేరు చేస్తే చిక్కు పోతుంది. బస్సు పాసు డబ్బు ఇంటి ఖర్చు, అది ఎవరికి ఎంతైతే అంత. చేతి ఖర్చు ఇద్దరికీ సమానం. ఆడపిల్ల కాబట్టి ఇంట్లోనే ఉంటుంది, డబ్బు దేనికని తక్కువ ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రేపు తన జీతం ఏమైందో అడిగే ధైర్యం ఆ పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది?

మాకు అప్పులున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లకు చెప్పాలా?

తనకు ఇప్పటికే తెలుసు. ఫోను మోగితే నాన్న బయటికి వెళ్లి మాట్లాడటం, అమ్మ మెడలో గొలుసు కనిపించకపోవడం తను చూస్తూనే ఉంది. తెలియనిది ఎంతన్నదే. ఎంతో తెలియని అప్పు పిల్లల ఊహలో ఇల్లంత పెరుగుతుంది.

మూడు విషయాలు చెప్పండి: నెలకు ఎంత కడుతున్నాం, ఎప్పటికి తీరుతుంది, నీ చదువు మీద దాని ప్రభావం ఏమిటి. చదువు ఆగదన్నది నిజమైతేనే అనండి. నిజం కాకపోతే ఏం ఆలోచిస్తున్నారో చెప్పండి. అప్పు ఇచ్చినవాళ్లు అన్న మాటలు చెప్పకండి. "మీ నాన్న వల్లే" అనకండి. అన్నిటికంటే ముఖ్యం, "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని పిల్లకు ఫోను ఇవ్వకండి. ఒక్కసారి ఇచ్చినా, అప్పు అంటే అబద్ధం ఆడి తప్పించుకునేదని నేర్పినట్టే.

లెక్కలో తోడు చేసుకోండి. బడిలో ఏడాదికి ఇంత శాతమని నేర్పుతారు, ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయలని మాట్లాడతారు. 50,000 అప్పు మీద రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,000, ఏడాదికి 12,000, అంటే 24 శాతం. ఈ లెక్క తనే చేస్తే బ్యాంకు, డ్వాక్రా, చేబదులు వడ్డీలను పక్కపక్కన పెట్టి చూడగలదు. ఏది ముందు తీర్చాలో తనే చెప్పేస్తుంది. ప్రోనోటు మీద అప్పైతే కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలని, రసీదు దాచాలని కూడా అప్పుడే చెప్పండి.

మాకు నెల జీతం లేదు. మామిడి అమ్మితేనో యాత్రికులు వస్తేనో డబ్బు. ఇలాంటి ఇంట్లో బడ్జెట్ ఎలా?

చిత్తూరు వైపు తోతాపురి రైతుకు ఏడాది డబ్బు మే నుంచి జులై లోపల వస్తుంది. 2025లో ధర పడిపోయి, ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. తిరుపతిలో ట్యాక్సీ, హోటల్, పూల వ్యాపారాల ఇళ్లకు వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు గట్టి నెలలు, మిగతావి ఒడిదుడుకులు. ఇక్కడ జీతగాళ్ల పద్ధతి పనిచేయదు.

పంట డబ్బు వచ్చిన వారంలోనే బడి ఫీజు, పెట్టుబడి అప్పు పక్కకు తీయండి. మిగిలినదాన్ని వేరే ఖాతాలో వేసి, ఒకటో తారీఖున పన్నెండో వంతు మాత్రమే ఇంటి ఖాతాకు మార్చుకోండి. పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లు ఉంటే సరుకులు దానితోనే నడపండి. పిల్లల చేతి డబ్బు అన్నిటికంటే చెడ్డ నెలలో కూడా ఇవ్వగలిగినంతే పెట్టండి. మంచి నెలలో పెంచి, చెడ్డ నెలలో ఆపేస్తే వాళ్లకు ప్రణాళిక కాదు, అదృష్టం అలవాటవుతుంది.

అవ్వ, తాత అడిగినవన్నీ కొనిస్తారు. మేము చెడ్డవాళ్లమవుతున్నాం.

కొననివ్వండి. వారానికొకటని మాత్రం ఒప్పించండి. ఆ మాట అత్తమామలతో కోడలు కాదు, కొడుకు మాట్లాడాలి. అమ్మానాన్నలతో అల్లుడు కాదు, కూతురు మాట్లాడాలి.

## పిల్లల పేరున పొదుపు

సుకన్య సమృద్ధి ఎవరికి మంచిది? ఎంత కట్టాలి?

పదేళ్లు నిండని ఆడపిల్ల పేరున, ఇంట్లో ఇద్దరికి తెరవవచ్చు (కవలలైతే మినహాయింపు ఉంది). ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర. 15 ఏళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకు చేతికి వస్తుంది. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతంగా ఉంది. మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటిస్తుంది. అదే వడ్డీ కొనసాగితే నెలకు 1,000 కట్టినవాళ్లకు ఐదున్నర లక్షలకు అటూ ఇటూ వస్తుంది. పదో తరగతి పూర్తయ్యాక లేదా 18 ఏళ్లు నిండాక చదువుకు సగం వరకు తీసుకోవచ్చు. పెళ్లి కోసమని తెరిచేవాళ్లు ఎక్కువ. చదువు కోసమని పిల్లతో చెప్పి తెరవండి. మధ్యలో అవసరపడే డబ్బును మాత్రం ఇందులో వేయకండి.

చీటీ కడుతున్నాం. మంచిదేనా?

తెలిసినవాళ్లు, చిన్న మొత్తం, నమోదైన చీటీ అయితే మంచిదే. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీని రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. నడిపేవారి కమిషన్ 2021 సవరణ తరువాత 7 శాతానికి మించకూడదు. నమోదు పత్రం అడగండి. "మనవాళ్లే కదా" అంటే అక్కడే ఆగండి. ఇరవై మంది ఐదేసి వేలు వేస్తే లక్ష. పాటలో ఇరవై వేలు వదులుకుని ముందుగా ఎత్తినవాళ్లు నిజానికి ఎంత వడ్డీ కడుతున్నారో పదో తరగతి పిల్లను అడిగి లెక్క వేయించండి.

నగల అంగడి పొదుపు పథకంలో పాప పేరున కట్టవచ్చా?

నగ కచ్చితంగా కొనేదుంటేనే. అది బ్యాంకు డిపాజిట్ కాదు. బ్యాంకు డిపాజిట్లకు ఉన్న 5 లక్షల బీమా దానికి వర్తించదు. తరుగు, మజూరీ ఎంతో ముందే రాయించుకోండి. కొన్న నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడటం పిల్లలకు ఇష్టమైన పని.

తల్లికి వందనం డబ్బు పడింది. దేనికి వాడాలి?

2025 జూన్‌లో ఒక్కో విద్యార్థికి 13,000 తల్లి ఖాతాలో పడ్డాయి, 2,000 బడి నిర్వహణకు వెళ్లాయి. 75 శాతం హాజరు షరతు. ఫీజు, పుస్తకాలు, చెప్పులు, కళ్లద్దాల పరీక్ష ముందు. మిగిలితే పిల్ల ఖాతాలోకి. పాత బాకీకి సర్దుబాటు చేయాల్సి వస్తే చేయండి, కానీ ఈ డబ్బు నీ హాజరు వల్ల వచ్చిందని పిల్లకు తప్పక చెప్పండి.

## ఇంటర్, కాలేజీ, ఆపైన

హాస్టల్‌లో వేశాం. నెలకు ఎంత పంపినా ఇరవైకల్లా అయిపోతోంది.

నెలకు ఒకసారి కాకుండా వారానికొకసారి పంపండి. రెండు మూడు నెలల తరువాత మళ్లీ నెలకు మార్చండి. లెక్క అడగండి గానీ ప్రతి రూపాయికీ వివరణ అడగకండి.

ఇంజినీరింగ్‌కు పొలం అమ్మాలా, విద్యారుణం తీసుకోవాలా?

ముందు రుణం గురించి కనుక్కోండి, ఆ తరువాతే పొలం మాట. హామీ నిధి పథకం కింద ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. చదువు, ఆపై సాధారణంగా ఒక ఏడాది వరకు వాయిదాలు ఉండవు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. వీలైతే చదువుతున్నప్పుడే ఆ వడ్డీ కట్టండి. పీఎం విద్యాలక్ష్మి కింద, జాబితాలో ఉన్న సంస్థల్లో సీటొచ్చి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది.

రుణం పిల్ల పేరున ఉంటుంది, మీరు సహ రుణగ్రహీత. తీర్చేది ఎవరన్నది సంతకం ముందే మాట్లాడుకోండి. సీటు వచ్చిన సంతోషంలో ఆ మాట ఎవరూ ఎత్తరు. మొదటి వాయిదా నోటీసు వచ్చాక ఇంట్లో గొడవ మొదలవుతుంది. కాలేజీ ఎంపికలో ఫీజుతోపాటు అక్కడ చదివినవాళ్లు ఏ జీతంతో చేరుతున్నారో పూర్వ విద్యార్థులను అడగండి. బ్రోచర్లు నమ్మకండి.

శ్రీసిటీలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం నుంచి ఇంటికి ఇవ్వమని అడగవచ్చా?

అడగవచ్చు. "నీ ఇష్టం" అని చెప్పి లోపల బాధపడటం కంటే ఇంత కావాలని అంకె చెప్పడం మేలు. దేనికి కావాలో, ఎన్నాళ్లు కావాలో కూడా చెప్పండి. తమ్ముడి ఫీజు రెండేళ్లు అంటే అది ఒప్పందం, ఇంటికి పంపు అంటే దానికి అంతుండదు. మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు తన పేరున ఉండేదాకా బండి ఈఎంఐ వద్దని చెప్పండి. వింటాడో లేదో వేరే విషయం. పీఎఫ్ కింద మూల వేతనంలో 12 శాతం కోతపడుతుంది, యాజమాన్యం కూడా అంతే వేస్తుంది. యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య) క్రియాశీలం చేసుకుని, నామినీ పేరు ఎక్కించమనండి. ఆరు నెలలకు బెంగళూరులోనో చెన్నైలోనో మెరుగైన ఉద్యోగం వస్తే ఆ పీఎఫ్ డబ్బు తీసేయకుండా అదే యూఏఎన్ కింద కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోమనండి.